కలివి కోడి తరఫున అర్జీ

అంతరించే దశకు చేరిన ఒక పక్షి నివాసాన్ని కాపాడటానికి ప్రభుత్వాన్ని గ్రాంటు అడగటం పైకి కచేరీ వ్యవహారంగా కనిపిస్తుంది. ఒక నమూనా పత్రం, కొన్ని గడులు, ఒక ఖర్చుల పట్టిక, అడుగున సంతకం. ఇందులో నీతికి సంబంధించిన ప్రశ్న ఎక్కడిది అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నదనే నా అభిప్రాయం. నోరులేని ప్రాణి తరఫున మనిషి అర్జీ పెడుతున్నాడు. పెట్టేటప్పుడు ఆ ప్రాణికి ఏం కావాలో చెబుతాడు. దానికి హాని చేస్తున్నవాడు ఎవడో కూడా చెబుతాడు. ఈ రెండో మాట సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని బట్టి ఒకడి మేకలను అడవిలోకి రానివ్వరు, మరొకడి యంత్రాలను రానిస్తారు. కనుక అర్జీ రాసేవాడి నీతిని విచారించటం అవసరం.

గాలిలో మాట్లాడకుండా కడప జిల్లాలోని కలివి కోడినే తీసుకుందాం. ఇది రాత్రిపూట సంచరించే చిన్న పక్షి. పొడవు 27 సెంటీమీటర్లకు మించదు. 1848లో బ్లైత్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని వర్ణించాడు. ఇంగ్లీషులో దీన్ని మద్రాసు సైన్యంలో వైద్యుడుగా ఉండిన జెర్డాన్ పేరుతో పిలుస్తారు. 1900 ప్రాంతం తరువాత అది శాస్త్రజ్ఞుల కంట పడలేదు. అంతరించిపోయిందనే చాలామంది అనుకున్నారు. 1986 జనవరిలో, బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ వారు జరిపిన అన్వేషణలో, లంకమల కొండల దాపున అది మళ్ళీ దొరికింది. పట్టుకున్నవాడు శాస్త్రజ్ఞుడు కాదు. రాత్రివేళ పొదల్లో దీపం వేసి పిట్టలు పట్టటం తెలిసిన స్థానిక వేటగాడు.

ఈ సంగతిలో గమనించవలసింది ఒకటున్నది. శాస్త్ర గ్రంథాలలో చచ్చిపోయిన పక్షికి ఆ పల్లెల్లో పేరు బతికే ఉంది. కలివి పొదల్లో తిరిగే కోడి గనక కలివి కోడి అన్నారు. పేరు పెట్టినవారికి దాని ఉనికీ తెలుసు, చోటూ తెలుసు. ఎనభై ఏళ్ళకు పైగా ప్రపంచానికి తెలియనిది అక్కడి వేటగాళ్ళకూ కాపర్లకూ తెలిసి ఉండటానికి కారణం వారి పనే. రాత్రింబవళ్ళు ఆ పొదల్లో తిరిగే పని చేసినవాడికి ఆ పొదల జ్ఞానం వస్తుంది. జ్ఞానం శ్రమలోంచి పుడుతుందని మనం తరగతి గదుల్లో చెప్పే మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

1988లో అక్కడ శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. ఆ తరువాత 2008-09లో కేంద్ర ప్రభుత్వం వన్యప్రాణుల ఆవాసాల సమగ్రాభివృద్ధి పథకాన్ని ప్రారంభించింది. అందులో మూడు భాగాలున్నాయి: రక్షిత ప్రాంతాలకు సహాయం, ఆ ప్రాంతాల వెలుపలి వన్యప్రాణుల రక్షణ, అతి ప్రమాదంలో ఉన్న జాతుల పునరుద్ధరణ. మూడో భాగం కింద ఎంచిన జాతులలో కలివి కోడి ఉంది, బట్టమేక పిట్ట కూడా ఉంది. మన వంటి రాష్ట్రాలకు ఖర్చులో కేంద్రం 60 వంతులు, రాష్ట్రం 40 వంతులు భరించాలి. డబ్బు అడిగేది రాష్ట్ర అటవీశాఖ. ఏడాదికొకసారి కార్యాచరణ ప్రణాళిక రాసి పంపాలి. దాని రాతలో పరిశోధకులు, అధ్యాపకులు, స్వచ్ఛంద సంస్థలవారు చేయి వేస్తారు. మనలాంటి చదువుకున్నవాళ్ళకు ఈ వ్యవహారంలో పాత్ర ఉన్నది ఇక్కడే.

ఇటువంటి ప్రణాళికల ముసాయిదాలు కొన్ని నేను చదివాను. వాటిలో అవసరాలు అన్న శీర్షిక కింద ఉండేవన్నీ లెక్కకు వచ్చే వస్తువులు: కంచె ఇన్ని మీటర్లు, బోర్డులు ఇన్ని, జీపు ఒకటి, కాపలా గోపురాలు రెండు. లెక్కకు వచ్చేదానికే వినియోగ పత్రం ఇవ్వగలరు. వినియోగ పత్రం ఇవ్వగలిగినదానికే రెండో కిస్తీ వస్తుంది. పొదలను అట్లాగే వదిలిపెట్టటం పక్షికి అన్నిటికంటె అవసరమైతే, ఆ పనికి బిల్లు ఎట్లా పెట్టటం? ముప్పులు అన్న శీర్షిక కింద దాదాపు ప్రతిచోటా అవే మాటలు: మేకల మేత, కట్టెలు కొట్టటం, స్థానికుల చొరబాటు. వీటన్నిటికీ కలిపి బయోటిక్ ప్రెషర్ అని ఒక పేరు. ఆ పేరు వినగానే కాపరి మనిషి కాకుండా పోతాడు. చెదపురుగుతో, కార్చిచ్చుతో సమానమైన ఒక ఒత్తిడి అవుతాడు.

ఇది నిజమేనా అన్నది మొదట తేలాలి. కలివి కోడి మీద పనిచేసిన పరిశోధకులు పొదల మధ్య సన్నని మట్టిపట్టీలు పరచి, రాత్రి ఆ పక్షి వదిలిన అడుగుజాడలను ఉదయం లెక్కబెట్టారు. ఏ చోట పక్షి ఉండే అవకాశం ఎక్కువో దానివల్ల తేలింది. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉండి, అంతకంటె పొట్టి పొదలు 1,000కి లోపుగా ఉన్న చోట అది తిరుగుతుంది. చిక్కటి అడవి దానికి పనికిరాదు. బొత్తిగా బోడి నేల కూడా పనికిరాదు. మేత, కట్టె మితిమీరితే పొద నశిస్తుంది. పూర్తిగా ఆగిపోతే పొద కమ్ముకుపోతుంది. మితంగా సాగిన మేకల మేత ఆ నేలను పక్షికి అనుకూలంగా ఉంచటంలో పాలు పంచుకున్నది. ఆ మాట ముప్పుల గడిలో రాయటానికి చోటు లేదు. అవసరాల గడిలో రాస్తే ఎవరూ నమ్మరు.

ఇక గడిలోకి రాని దాన్ని చూద్దాం. 2005లో తెలుగుగంగ పథకానికి చెందిన కాలువ తవ్వకం కలివి కోడి ఉండే పొదల్లోకి అనుమతి లేకుండా వచ్చింది. తవ్వకాన్ని కనిపెట్టి బయటపెట్టింది ఆ పక్షి మీద పనిచేస్తున్న పరిశోధకులు. వాదోపవాదాలయ్యాక కాలువ దారి మార్చారు. ఇందులో కాలువను శత్రువుగా చూపటం నా ఉద్దేశం కాదు. రాయలసీమలో పుట్టినవాడెవడూ నీటిని శత్రువు అనడు. దారి మార్చి కూడా కాలువ తవ్వవచ్చునని తేలింది గదా. అంటే పక్షికీ రైతుకూ మధ్య ఉన్నదని చెప్పిన వైరుధ్యం నిజానికి తొందరపాటుకూ చట్టానికీ మధ్య ఉన్నది. కాని పొక్లెయినర్ ఒక్క వారంలో చేయగల నష్టం మేకల మంద ఏళ్ళ తరబడి మేసినా చేయదు. పొక్లెయినర్‌కు శాఖ ఉంది, టెండరు ఉంది, గుత్తేదారు ఉన్నాడు. మేకకు కాపరి తప్ప ఎవరున్నారు? బలహీనుడి పేరు రాయటం తేలిక గనక అతని పేరే రాస్తారు.

అడవిలో పేదవాడి పనిని నేరంగా నమోదు చేయటం కొత్త విషయం కాదు. 1842లో రైన్ ప్రాంత శాసనసభలో కట్టెల దొంగతనం చట్టంపై జరిగిన చర్చను గురించి యువకుడైన మార్క్స్ పత్రికలో వ్యాసాలు రాశాడు. రాలిన పుల్లలు ఏరుకునే పేదల ఆచార హక్కు, అడవి యజమాని ఆస్తి పేరిట, దొంగతనంగా మారిన తీరును విమర్శించాడు. ఇవాళ ఆస్తి అనే మాటకు బదులు పరిరక్షణ అనే మాట వచ్చింది. పరిరక్షణ గొప్ప ఆశయమే. కాని పుల్లలు ఏరుకునేవాడు నిలబడిన బోను మారలేదు.

ఇక్కడ మన మిత్రులు కొందరు రెండు ఆక్షేపణలు చేస్తారు. మొదటిది: అడవిని ధ్వంసం చేస్తున్న ప్రభుత్వమే దాన్ని కాపాడటానికి డబ్బిస్తుంటే ఆ డబ్బు ముట్టవచ్చునా? ఈ ఆక్షేపణలో బలం ఉంది. 2016లో ప్రత్యామ్నాయ అటవీకరణ నిధి చట్టం వచ్చింది. గనులకో ఆనకట్టలకో అడవిని ఇచ్చినప్పుడు వసూలు చేసిన సొమ్ము ఆ నిధిలో చేరుతుంది. 2019లో కేంద్రం అందులోంచి 27 రాష్ట్రాలకు 47,436 కోట్ల రూపాయలు బదిలీ చేసింది. అడవి ఎంత పోతే నిధి అంత పెరుగుతుంది. పైగా ఆ సొమ్ముతో చెట్లు నాటటానికి వెతికేది బంజరు అని, క్షీణించిన నేల అని రికార్డుల్లో రాసి ఉన్న చోటును. కలివి కోడి ఇల్లు సరిగ్గా అటువంటి చోటు. అక్కడ ఒత్తుగా చెట్లు నాటితే, అడవిని పెంచుతున్నామంటూ పక్షి ఇల్లు కూల్చినట్టే.

అయినా డబ్బు వద్దనటం పరిష్కారమని నేను ఒప్పుకోను. ఖజానా పాలకుల సొంత ఆస్తి కాదు. అది ప్రజల శ్రమలోంచి వచ్చింది. బడికి గ్రాంటు అడిగినందుకు ఉపాధ్యాయుడు ప్రభుత్వానికి దాసుడు కానట్టే, పొదకు గ్రాంటు అడిగినవాడూ కాడు. చేతులు కడుక్కుని కూర్చున్నవాడి చేతులు శుభ్రంగానే ఉంటాయి; పక్షి మాత్రం చస్తుంది.

రెండో ఆక్షేపణ మరింత సూటిది. ఒక చర్చాగోష్ఠిలో ఒక విద్యార్థి లేచి నన్ను అడిగాడు: "మనిషికి తిండి లేని దేశంలో పిట్టకు కోట్లెందుకండీ?" కోపంతో అడిగినా న్యాయమైన ప్రశ్న. నా సమాధానం ఇది. తిండిలేనివాడికి పక్షిని చంపినందువల్ల తిండి రాదు. ఆ నేలను ఎవరు దేనికి వాడాలో నిర్ణయించే హక్కు అతనికి వచ్చినప్పుడు వస్తుంది. ఆ హక్కు పక్షికి కూడా రక్ష. బంజరును ఎవరికో కట్టబెట్టే కలం పక్షినీ కాపరినీ ఒకే గీతతో కొట్టివేస్తుంది.

హక్కు లేకుండా రక్షణ ఏమవుతుందో చూడాలంటే మధ్యప్రదేశ్‌లోని కరేరా చాలు. 1981లో బట్టమేక పిట్ట కోసం అక్కడ అభయారణ్యం ప్రకటించారు. రైతుల పట్టా భూములు కూడా అందులోకి పోయాయి. వాటిని అమ్ముకోవటానికి వీల్లేకుండా పోయింది. రక్షణ పొందిన కృష్ణజింకలు పెరిగి పైర్ల మీద పడ్డాయి. పిట్ట పేరు చెబితేనే ఊళ్ళు మండిపడే స్థితి వచ్చింది. తరువాతి దశాబ్దంలోనే బట్టమేక అక్కడ కనుమరుగైంది. అభయారణ్యం కాగితం మీద మిగిలింది.

మరి ఏం చేయాలి? చట్టంలోనే కొంత ఆధారం ఉంది. 2006 నాటి అటవీహక్కుల చట్టం మేత హక్కును గుర్తించింది. సాముదాయిక అటవీ వనరులను కాపాడుకునే హక్కునూ గుర్తించింది. వన్యప్రాణుల కోసం జనాన్ని తరలించాలంటే గ్రామసభ రాతపూర్వక సమ్మతి కావాలన్నది. అదే చట్టం గిరిజనేతరులైన అటవీ నివాసులను మూడు తరాల, అంటే 75 ఏళ్ళ, నివాసం రుజువు చేయమన్నది. మందతో తిరిగే కాపరి ఏ కాగితం చూపుతాడు? అతని తరఫున ఆ కాగితాలు వెతకటం కూడా పక్షి తరఫున చేసే పనే. అర్జీ రాసే చదువుకున్నవాడు కనీసం మూడు పనులు చేయాలి. ముప్పుల గడిలో ఒకరి పేరు రాసేముందు ఆ రాతను వారికి తెలుగులో చదివి వినిపించాలి. కాలువ, గని, రోడ్డు కారణమైతే వాటి పేర్లు కూడా అదే గడిలో రాయాలి. రాస్తే డబ్బు రాదేమోనన్న భయం సాక్షికి తగదు. పక్షి జాడ తెలిసినవారికి ఆ డబ్బులోంచి దినకూలి ఇచ్చినంతటితో సరిపెట్టకుండా, ఖర్చు ఎట్లా పెట్టాలో నిర్ణయించే చోట కూర్చోబెట్టాలి.

ఏళ్ళ తరబడి నమ్మదగిన జాడ లేకపోయిన తరువాత, 2025 ఆగస్టులో కలివి కోడి కూతను రికార్డు చేశామని పక్షి పరిశీలకులు ప్రకటించారు. ఇక ప్రణాళికలు మళ్ళీ రాస్తారు, గడులు మళ్ళీ నింపుతారు. ఆ కూత ఒక్క పక్షిది. దాని చుట్టూ ఉన్న మనుషుల మాట కూడా ఆ కాగితం మీదికి ఎక్కకపోతే, వచ్చే గ్రాంటుతో కంచె లేస్తుంది, బోర్డు నిలుస్తుంది. బోర్డు మీద బొమ్మగా మాత్రమే కలివి కోడి మిగులుతుంది.