గ్రహణం మోపిన నింద



2025 సెప్టెంబరు 7, ఆదివారం రాత్రి మన దేశంలో సంపూర్ణ చంద్రగ్రహణం ఏర్పడింది. రాత్రి 11 గంటల నుండి దాదాపు 82 నిమిషాలు చంద్రుడు పూర్తిగా భూమి నీడలో ఉన్నాడు. ఆ రాత్రి మీ ఇంట గర్భవతి ఉంటే ఆమెను వాకిట్లోకి రానిచ్చారా? కత్తిపీట ముట్టనిచ్చారా?

సూర్యునికీ చంద్రునికీ నడుమ భూమి ఒకే వరుసలోకి వస్తే, భూమి నీడ చంద్రునిపై పడుతుంది. గ్రహణమంటే అంతే. చంద్రుని మార్గం సుమారు 5 డిగ్రీలు వాలి ఉన్నందున ప్రతి పున్నమికీ ఇలా జరగదు. భూమిని ఆవరించిన గాలి సూర్యకాంతిలోని ఎరుపును వంచి ఆ నీడలోకి పంపుతుంది కనుక చంద్రుడు రాగి రంగులో కనిపిస్తాడు. గ్రహణాలకు కారణం నీడలేనని ఆర్యభటుడు క్రీ.శ. 499లోనే వ్రాశాడు. సూర్యగ్రహణాన్ని ఉత్త కళ్లతో చూడరాదు, చూపు దెబ్బతింటుంది. చంద్రగ్రహణాన్ని మాత్రం పసిపిల్లలూ గర్భవతులూ కూడా నిశ్చింతగా చూడవచ్చు.

"ఒక్క రాత్రి జాగ్రత్త పడితే నష్టమేమిటి ఫాదర్?" అని అడిగేవారున్నారు. నష్టం ఉంది. ఒకసారి పెదవి చీలి పుట్టిన బిడ్డకు జ్ఞానస్నానం ఇచ్చాను. పూజ ముగిసేవరకు ఆ తల్లి కొంగుతో బిడ్డ మూతి కప్పుతూనే ఉంది. "ఎందుకమ్మా?" అని అడిగాను. "గ్రహణం పూట వంకాయ కోశాను ఫాదర్. తప్పు నాదే" అని ఏడ్చింది. నేటి జాగ్రత్తే రేపటి నింద అవుతుంది. "గ్రహణం మొర్రి" అనే మాటలోనే తల్లిపై తీర్పు దాగి ఉంది.

నిజానికి బిడ్డ పైపెదవి గర్భం దాల్చిన మొదటి రెండు నెలల్లోనే రూపుదిద్దుకుంటుంది. అది చీలడానికి వంశలక్షణాలు, మరికొన్ని కారణాలు కలిసి తోడ్పడతాయని వైద్యులు చెబుతారు. నీడకు అందులో పాత్ర లేదు. శస్త్రచికిత్సతో ఆ పెదవిని సరిచేయవచ్చు.

మరి పెద్దలు చెప్పిన మాటను తిరిగి అనడం పాపమా? తెలుసుకునే వీలు లేనివాని అజ్ఞానాన్ని నీతిశాస్త్రం మన్నిస్తుంది. వీలుండీ తెలుసుకోనివాడు మాత్రం దోషంలో పాలివాడే. పుట్టుగుడ్డిని చూసి, పాపం ఎవరిది, ఇతనిదా, తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగారు. ప్రభువు ఎవరిపైనా ఆ నింద మోపలేదు (యోహాను 9).

మళ్లీ గ్రహణం వచ్చిన రాత్రి అత్తమామలారా, కడుపుతో ఉన్న కోడలికి వేళకు అన్నం పెట్టండి. వాకిట్లో కుర్చీ వేయండి. పక్కన కూర్చుని చంద్రుణ్ణి చూపించండి. ఆమె మనసులోని భయం తీర్చడం కూడా ప్రేమకార్యమే!