ముద్దాయి పక్షం: కూచిపూడి కేళిక నుంచి వకాల్తా దాకా

కూచిపూడి నాట్యచరిత్ర రాసినవారు తరచుగా ఉదాహరించే ఘట్టం ఒకటి మాచుపల్లి కైఫీయతులో ఉంది. సిద్ధవటం సీమను ఏలిన సమ్మెట గురవరాజు పన్నుల వసూలు కోసం స్త్రీలను చిత్రహింసలు పెట్టేవాడు. అది కళ్లారా చూసిన కూచిపూడి భాగవతులు విజయనగరానికి వెళ్లి వీరనరసింహరాయల ఎదుట కేళిక కట్టారు. ఒకరు గురవరాజు వేషం, ఒకరు భటుడి వేషం, ఒకరు హింసపడే స్త్రీ వేషం ధరించారు. రాయలకు సంగతి బోధపడింది. సైన్యం సిద్ధవటానికి కదిలింది, గురవరాజు ప్రాణం పోయింది. 16వ శతాబ్ది తొలినాళ్లకే కూచిపూడి మేళాలు దేశాటన చేస్తుండేవని చెప్పడానికి ఈ ఘట్టాన్ని ఆధారంగా చూపుతారు. దీనిలోనే ఒక నైతిక ప్రశ్న కూడా ఉంది. ఆ కేళికలో ఫిర్యాదు ఉంది, సాక్ష్యం ఉంది, నేరనిరూపణ ఉంది. గురవరాజు తరఫున ఒక్క మాట లేదు.

అతడు దోషి అనే అంగీకరిద్దాం. దోషికి ప్రతివాదం ఎందుకు?

ఈ ప్రశ్న తేలికైనది కాదు. సిద్ధవటం స్త్రీలకు దర్బారులో నోరు లేదు. భాగవతుల కేళికే వారి వకాల్తా. అధికారం చేతిలో ఉన్న గురవరాజుకు మాట్లాడేవారు ఎప్పుడూ దొరుకుతారు, పన్ను కట్టలేని ఇంటి ఆడవారికి దొరకరు. కాబట్టి ముద్దాయి హక్కుల గురించి చెప్పే మాటలన్నీ చివరకు బలవంతులకే ఉపకరిస్తాయన్న ఆక్షేపణను తోసిపుచ్చడానికి వీలులేదు. అయితే రాయలు ఆ రాత్రి శిక్షించింది ఒక మనిషిని మాత్రమే కాదు, ఒక పద్ధతిని కూడా అలవరచుకున్నాడు. ఆట చూసి సైన్యం పంపే పద్ధతి అది. రేపు పొరుగు పాలెగాడు డబ్బిచ్చి మరొక మేళాన్ని పంపితే, అందులో వేషం కట్టబడినవాడు నిర్దోషి అయితే, అతణ్ణి కాపాడేదేమీ ఆ పద్ధతిలో లేదు. గురవరాజుకు ఇవ్వని అవకాశం అతనికీ ఉండదు.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పుకోవాలి. నేటి తెలుగులో ‘ముద్దాయి’ అంటే నేరం మోపబడినవాడు. అరబ్బీ నుంచి ఉర్దూ ద్వారా వచ్చిన ఈ పదానికి అక్కడ అర్థం దావా వేసినవాడు, అంటే ఫిర్యాది. తెలుగులోకి వచ్చేసరికి ఫిర్యాది కాస్తా నిందితుడైపోయాడు. భాషాశాస్త్ర దృష్టిలో ఇది మామూలు అర్థవిపరిణామమే. అయినా కోర్టు గుమ్మం ఎక్కిన సామాన్యుడు ఏ పక్షాన ఎక్కినా ఒకేలా భయపడ్డాడేమోనన్న ఊహ కలగక మానదు.

ప్రతివాదం లేని శిక్షకు మన సాహిత్యంలో అతి ప్రసిద్ధమైన ఉదాహరణ ఉత్తరకాండలోని శంబూకుడు. ఆ కథను న్యాయవిచారణ క్రమంలో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. బ్రాహ్మణుడు చనిపోయిన కొడుకుతో రాజద్వారానికి వస్తాడు. అది ఫిర్యాదు. శూద్రుడి తపస్సే కారణమని నారదుడు చెబుతాడు. అది నిపుణుడి అభిప్రాయం. రాముడు తపస్వి దగ్గరకు వెళ్లి నీ వర్ణమేమిటని అడుగుతాడు. అతడు నిజం చెబుతాడు. ఆ నిజమే నేరాంగీకారమవుతుంది, ఖడ్గం పడుతుంది. నిందితుడు తన నోటితో తనపై సాక్ష్యం చెప్పవలసిన అగత్యం లేదని రాజ్యాంగం 20(3) అధికరణలో రాసుకున్న మనకు, శంబూకుడి సత్యవాక్యం కంటే కఠోరమైన దృష్టాంతం దొరకదు. ఆ ఖాళీని గుర్తించి ‘శంబూక వధ’ నాటకం రాసిన త్రిపురనేని రామస్వామి చౌదరి గుడివాడ దగ్గరి అంగలూరులో పుట్టి, డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదివిన బారిస్టరు. ఆయన నాటకాన్ని హేతువాదంగా, కులవ్యతిరేక రచనగా చదివే సంప్రదాయం బలంగా ఉంది. అది సరైనదే. దానితోపాటు, వకీలు లేని ముద్దాయికి ఒక వకీలు ఆలస్యంగా దాఖలు చేసిన వకాల్తాగా కూడా దాన్ని చదవవచ్చు. శంబూకుడి పక్షం ఎవరూ వినలేదన్నదే అక్కడ అసలు అభియోగం.

శంబూకుడి విషయంలో మన సానుభూతి ముందే సిద్ధంగా ఉంటుంది. గురజాడ ‘కన్యాశుల్కం’ అంతకంటే చిక్కైన పరీక్ష పెడుతుంది. లుబ్ధావధానులు మీద పడింది కట్టుకున్న పిల్లను చంపాడన్న అభియోగం. ఆ పిల్ల పిల్లే కాదు, ఆడవేషం వేసిన కుర్రవాడు, వేషం విప్పి వెళ్లిపోయాడు. కనుక హత్య అబద్ధం. కానీ ముసలితనంలో డబ్బు పోసి బాలికను కొనుక్కోబోయాడన్నది అబద్ధం కాదు. అతడు చేసిన అసలు తప్పు ఛార్జిషీటులో లేదు, ఛార్జిషీటులో ఉన్న నేరం అతడు చేయలేదు. సౌజన్యారావు పంతులు సంస్కర్త. ఈ ముద్దాయి బతుకులో ఆయన అసహ్యించుకునేదంతా ఉంది. అయినా ఆయన ఆ కేసు చేపడతాడు. ‘తగిన శాస్తి జరిగింది’ అని ఊరుకుంటే, ఒక తప్పుకు మరొక నేరం పేరుతో శిక్ష వేసినట్లవుతుంది. గురజాడ అంతటితో వదలలేదు. ముద్దాయిని కాపాడే నిజం మధురవాణి దగ్గర ఉంది. సౌజన్యారావు నియమం ప్రకారం ఆమెకు ఆ ఇంటి గడప దాటే అర్హత లేదు. అందుకే పురుషవేషంలో వస్తుంది. ముద్దాయి పక్షాన నిలిచేవాడు తన సొంత శీలగర్వాన్ని కూడా కొంత గుమ్మం బయట పెట్టాల్సి వస్తుంది.

భారత బార్ కౌన్సిల్ నియమాలు ఈ సంగతినే పొడిగా చెబుతాయి. నిందితుడు నేరం చేశాడా లేదా అన్నదానిపై న్యాయవాది సొంత అభిప్రాయం ఏదైనా, అతని పక్షాన వాదించడం విధి. రాజ్యాంగం 22(1) అధికరణ నిందితుడికి తాను ఎంచుకున్న న్యాయవాది ద్వారా వాదించుకునే హక్కు ఇచ్చింది. ఆ స్తోమత లేనివారికి ఉచిత న్యాయసహాయం అందించాలని 1976లో చేర్చిన 39-ఎ అధికరణ రాజ్యానికి నిర్దేశించింది. కాగితం మీద ఇంత ఉన్నా, ఫలానా నిందితుడి కేసు ఎవరూ పట్టరాదని స్థానిక బార్ అసోసియేషన్లు తీర్మానాలు చేయడం ఆగలేదు. కోయంబత్తూరులో న్యాయవాదులకూ పోలీసులకూ జరిగిన ఘర్షణలో నిందితులైన పోలీసుల తరఫున ఎవరూ హాజరు కాకూడదన్న తీర్మానం అలాంటిదే. 2010లో మహమ్మద్ రఫీ కేసులో సుప్రీంకోర్టు అలాంటి తీర్మానాలు చెల్లవని స్పష్టం చేసింది. అక్కడ ఒంటరిగా మిగిలినవారు లాఠీ పట్టినవారు కావడం గమనించదగ్గది.

తీర్మానం అవసరం లేకుండానే ఊరు అదే పని చేయగలదు. బందరు జిల్లా కోర్టులో వకాల్తా వేసే వకీలు కూచిపూడిలోనో మొవ్వలోనో చుట్టరికం ఉన్నవాడు కావచ్చు. సాయంత్రం చీకటి పడ్డాక కాలువ గట్టు మీద నిలబడినవాడి ముఖం ఎంత దూరం కనబడుతుందో, ఆ రెండు కుటుంబాల మధ్య నీటి తగాదా ఎప్పటిదో అతనికి తెలుసు. హైదరాబాదు నుంచి దిగిన సీనియరుకు అది తెలియదు, సాక్షిని ఆ సంగతి అడగాలని కూడా తోచదు. స్థానిక వకీలు బలం అదే. బలహీనతా అదే. కేసు ముగిశాక సీనియరు రైలెక్కి వెళ్లిపోతాడు. ఇతడు మాత్రం మర్నాడు టీ కొట్టు దగ్గర ‘వాడి తరఫున ఎలా నిలబడ్డావయ్యా’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. ముద్దాయికీ వేరే భయం ఉంటుంది. తనవాడని నమ్మి చెప్పిన మాట ఊళ్లోకి పొక్కుతుందేమోనని సగం దాచుకుంటాడు. వకీలుకు చెప్పిన రహస్యానికి చట్టం రక్షణ కల్పించిందన్న సంగతి అతనికి ఎవరూ చెప్పి ఉండరు. దాచిన ఆ సగమే అడ్డుసవాలులో ఎదుటి పక్షం నోట బయటపడుతుంది.

కూచిపూడి సంప్రదాయానికి ఈ సంబంధం కొత్తది కాదు. భామాకలాపంలో సత్యభామ తన మొరను లేఖగా రాసి మాధవి చేతికిస్తుంది. మాధవి ఊరికే వెళ్లదు. భర్త పేరు పలకడానికి సిగ్గుపడే సత్య చేత ఆ పేరు పలికిస్తుంది. ముక్కెర కూడా అడిగి పుచ్చుకుంటుంది. ఫీజు తీసుకునే దూతిక కనుక ప్రేక్షకులు నవ్వుతారు. అయితే ఆమె మోసుకుపోయేది సత్య మాటలనే, తన మాటలను కాదు.

గురవరాజు వేషం కట్టిన భాగవతుడి సంగతి ఇక్కడ తిరిగి గుర్తుకు వస్తుంది. ఆ వేషం వేసినందుకు అతడు గురవరాజు క్రౌర్యాన్ని మెచ్చాడని రాయలు గానీ మరెవరు గానీ అనుకోలేదు. నటుడికి ఇచ్చే ఆ వెసులుబాటును వకీలుకు ఇవ్వడానికి సమాజం ఎందుకో వెనుకాడుతుంది. ఇద్దరికీ ఒక తేడా ఉన్న మాట నిజం. భాగవతుడు పలికిన గురవరాజు మాటలు ఫిర్యాది రాసినవి. వకాల్తానామా మీద ముద్దాయి సంతకమో వేలిముద్రో పడ్డాక వకీలు పలకవలసినవి ముద్దాయి చెప్పుకోదలచినవి. సిద్ధవటం నుంచి అలాంటి కాగితం ఒకటి విజయనగరం చేరి ఉంటే, రాయలు విన్న తర్వాత కూడా శిక్ష అదే అయి ఉండవచ్చు.