ముందు మాట్లాడనివ్వు

చి. అమ్మాయికి,

ఇంజనీరింగ్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పే ఉద్యోగంలో చేరావని తెలిసి చాలా సంతోషించాను. ల్యాబులో కంప్యూటర్లు, హెడ్‌ఫోన్లు అన్నీ ఉన్నా పిల్లలు నోరు విప్పడం లేదని రాశావు. ఇన్నేళ్లుగా వాళ్లు ఇంగ్లిష్ విన్నారు, పరీక్షల్లో రాశారు. ఒకరితో ఒకరికి ఆ భాషతో పని మాత్రం పడలేదు తల్లీ. నువ్వు కల్పించాల్సింది ఆ పనినే.

ఇంగ్లిష్ బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు 1979 నుంచి 1984 వరకు బెంగళూరు ప్రాజెక్టు పేరుతో దక్షిణాది బడుల్లో చేసి చూపింది ఇదే. వ్యాకరణ పాఠానికి బదులు రైళ్ల టైంటేబులో, మ్యాపో ఇచ్చి పిల్లల ముందు ఒక చిక్కు పెట్టేవారు. మనసు చిక్కు విప్పడం మీద ఉంటే భాష దానంతటదే పట్టుబడుతుందని ఆయన నమ్మకం. కాలేజీ పిల్లలకూ అది పనికొస్తుంది.

ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టు. ఒకరి కాగితంలో సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్లే రైళ్ల వేళలు, రెండోవారి దాంట్లో టికెట్ ధరలు, ఖాళీ బెర్తులు ఉండాలి. ఒకరి కాగితం మరొకరు చూడకూడదు. పొద్దున పదింటికి ఇంటర్వ్యూ ఉన్న స్నేహితుడు తన దగ్గరున్న డబ్బుతో ఏ రైలెక్కాలో తేల్చమను. అడగనిదే తేలదు కనుక అడుగుతారు. తర్వాత రెండు జంటలను కలిపి, ఎవరి ఎంపిక మేలో వాదించుకోమను. తరగతి ముందు ఒక్కరినే నిలబెట్టి మాట్లాడించడం ఆ తర్వాతి మాట. మొదటిరోజే ఆ పని చేస్తే పిల్లవాడు నేర్చుకునేది భయమే.

మాట్లాడుతుండగా తప్పు దిద్దకు, నోట్‌బుక్‌లో రాసుకో. చివరి పది నిమిషాల్లో ఎవరిదో చెప్పకుండా ఆ వాక్యాలు బోర్డు మీద రాసి, వాళ్లచేతే దిద్దించు. దిద్దడం మానేస్తే రేపు ఇంటర్వ్యూలో నష్టపోయేది వాళ్లే. మధ్యలో తెలుగు మాట దొర్లితే కోప్పడకు, దాన్ని ఇంగ్లిష్‌లో ఎలా అనాలో అందించు. ప్రశ్న వేశాక జవాబు నువ్వే చెప్పేయకుండా ఓపిక పట్టు.

ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండు. ఒకరి యాసకు మరొకరు నవ్వితే పాఠం ఆపేసి అయినా సరే ఆ నవ్వు ఆపు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్ల ఒకసారి నవ్వులపాలైతే మళ్లీ నోరెత్తదు. చురుగ్గా మాట్లాడేవాళ్లను చూసి తరగతి బాగా సాగుతోందని మురిసిపోకు. వాళ్లు నువ్వు లేకపోయినా నేర్చుకుంటారు. ఇంకా పెదవి విప్పని వాళ్ల పేర్లు రాసుకుని, రోజూ ముందు వాళ్ల బల్ల దగ్గరికే వెళ్లు.

మొదటి వారం ఏ చిక్కు ఇచ్చావో, ఎవరెవరు మాట్లాడారో తప్పకుండా రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ