నోరులేని ప్రాణికి ఇంటి లెక్కలో చోటెంత?

(ధ్యానమునకు: సామెతలు 12:10, లూకా 14:28)



మన సంఘాలలో కానుకలను గూర్చి, అప్పులను గూర్చి, పెళ్ళి ఖర్చులను గూర్చి ఎన్నో ప్రసంగాలు విన్నాము. ఇంట్లో పెంచుకొనే కుక్కను గూర్చి మాత్రం నేను ఒక్క ప్రసంగమైనా వినలేదు. అది చిన్న సంగతి అని మన తలంపు. అయితే ఆ చిన్న సంగతే మా ఇంట్లో నా మనస్సాక్షిని నిలదీసింది. నెల జీతమో పింఛనో లెక్కపెట్టుకొని బ్రతికే విశ్వాసి ఒక జంతువు మీద డబ్బు ఖర్చు చేయవచ్చునా? చేయవచ్చును అంటే, ఎంతవరకు? అంతకన్న ముఖ్యంగా, ఎవరి వాటాలో నుండి? నేను తప్పిన చోట మరొకరు తప్పకుండా ఉండాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మేము కోలారు గోల్డ్ ఫీల్డ్స్‌లో మూడు తరాలుగా ఉన్నవారము. మా తాత చిత్తూరు జిల్లా నుండి గని పనికి వచ్చాడు. 2001లో గనులు మూతపడిన తరువాత మా ఊళ్ళో ఎన్నో ఇళ్ళు బెంగుళూరు రైలు మీదనే బ్రతుకుతున్నాయి. నా కొడుకు తెల్లవారక ముందే మారికుప్పంలో రైలు ఎక్కి, బిడ్డ నిద్రపోయిన తరువాత ఇల్లు చేరుతాడు. ఆ బిడ్డే, నా మనుమడు, ఒక సాయంత్రం వానలో తడిసిన కుక్కపిల్లను చొక్కాలో పెట్టుకొని వచ్చాడు. "తాతా, వాన వెలిసేదాకా ఉండనీ" అన్నాడు. తండ్రి ముఖం చూడని పిల్లవాడు, ఏదో ఒక తోడు కావాలిలే అని ఊరుకున్నాను. వాన ఆ రాత్రే వెలిసింది. టామీ మాత్రం ఉండిపోయింది.

ఆ మరుసటి వారం పశువైద్యుడు టీకాలు వేయించమన్నాడు. "ఊరకుక్కకు సూదులు ఎందుకు, ఆ కొన్ని వందలు ఉంటే ఇంటికి కూరగాయలు వస్తాయి" అని నేను తిరిగి వచ్చేశాను. పొదుపు చేశాను అనుకున్నాను. నెల తిరగకముందే దానికి వాంతులు, రక్త విరేచనాలు పట్టుకున్నాయి. పార్వో అనే జబ్బు అన్నారు. ఆరు వారాలు మొదలు ఆరు నెలల వయస్సు వరకు ఉన్న పిల్లలకు అది ఎక్కువగా వస్తుంది. ఆ క్రిమిని చంపే మందు అంటూ లేదు. సెలైన్ ఎక్కిస్తూ ప్రాణం నిలబెట్టుకోవలసిందే. అయిదు రోజులకు 4,300 రూపాయలు అయినవి. మనుమడు గడపలో కూర్చొని ఏడుస్తూ ఉంటే, ఇంటి ఖర్చుల డబ్బాలో ఉన్నది తీసి ఇచ్చాను. కుక్క బ్రతికింది. అందరమూ దేవుణ్ణి స్తుతించాము.

మూడు వారాల తరువాత ఒక సాయంత్రం ప్రార్థనకు బైబిలు తీసుకొని వస్తూ మా ఇంటావిడ తల తిరిగి గోడ పట్టుకొని కూర్చుండిపోయింది. ఆమెకు రక్తపోటు ఉంది. మాత్ర వేసుకుందో లేదో చూద్దామని మందుల పెట్టె తెరిస్తే, కాగితంలో చుట్టిన సగం ముక్కలు కనబడినవి. ఒక్కొక్క మాత్రను రెండుగా విరిచి, రోజుకు సగం చొప్పున వేసుకుంటూ ఉంది. "ఎందుకు ఇట్లా చేశావు?" అని అడిగాను. "ఏమండీ, బిడ్డ ఏడుస్తా ఉంటే కుక్కపిల్లకు డబ్బు పెట్టవద్దని ఎట్లా చెప్పేది? ఈ నెలకు సగం సగం వేసుకుంటే గడిచిపోతుందని అనుకున్నా" అన్నది.

నేను దయ చూపించాననుకున్నాను. ఆ దయకు వెల చెల్లించినది మరొకరు.

దేవుని లెక్కలో పశువు ఉన్నది

"కుక్క కోసం ఇంత గొడవ ఎందుకు? వదిలించుకుంటే పోలేదా?" అని కొందరు పెద్దలు అన్నారు. అది వాక్యానుసారమైన జవాబు కాదని నా నమ్మకం. విశ్రాంతి దినము యజమానునికే కాదు, అతని ఎద్దుకును గాడిదకును కూడా అని నిర్గమకాండము 23వ అధ్యాయం చెప్పుచున్నది. కళ్ళం త్రొక్కే ఎద్దు నోటికి చిక్కం వేయరాదని ద్వితీయోపదేశకాండము 25లో ఉంది. నీనెవె పట్టణాన్ని గూర్చి యోనాతో మాట్లాడినప్పుడు దేవుడు అక్కడి జనంతో పాటు పశువులను కూడా ప్రస్తావించాడు. సామెతలు 12:10లో నీతిమంతుణ్ణి గూర్చి వాడిన హెబ్రీ మాటకు "ఎరుగుట" అని అర్థం. తన పశువు ప్రాణాన్ని అతడు ఎరుగును. అనగా దాని ఆకలి, దాని నొప్పి, దాని అలసట అతనికి తెలిసి ఉంటాయి. మన తాతలలో చాలామంది గనులకు రాకముందు పరుల పశువులను కాచినవారే. పశువుకు మేత వేసిన తరువాతనే తాము ముద్ద ముట్టేవారు. ఆ ఎరుక మనకు కొత్త కాదు.

"ఆ డబ్బు పేదలకు ఇవ్వరాదా?" అనే ప్రశ్న కూడా వచ్చింది. మంచి ప్రశ్నే. అయితే బేతనియలో అత్తరు పోసిన స్త్రీని చూచి అదే ప్రశ్న అడిగినవాడు ఎవరో యోహాను సువార్త 12వ అధ్యాయం చెప్పుచున్నది. అతనికి పేదల మీద చింత లేదు. పేదల పేరు చెప్పి పొరుగువాని ఖర్చును తప్పు పట్టేవాడు, ముందుగా తన ఖర్చులో పేదల వాటా ఎంతో చూచుకోవాలి. నేనూ చూచుకోవాలి.

ఎవరి ముద్దలో నుండి?

అయినను ఇంతటితో నాకు విడుదల కలుగలేదు. దావీదు దగ్గరకు వచ్చి నాతాను చెప్పిన ఉపమానాన్ని (2 సమూయేలు 12) ఆ రాత్రి మళ్ళీ చదివాను. ఆ బీదవాడు ఒక ఆడ గొఱ్ఱెపిల్లను కొని, కూతురివలె పెంచుకున్నాడు. దానికి అతడు ఏమి పెట్టాడు? తన ముద్దలో నుండి పెట్టాడు, తన గిన్నెలో నుండి త్రాగించాడు. ఎన్నిసార్లో చదివిన మాట అది. ఆ రాత్రి మాత్రం గ్రుచ్చుకున్నది. బీదవాడు జంతువును పెంచుకోవడాన్ని వాక్యం తప్పు పట్టలేదు. అయితే అతడు పంచినది తన స్వంత ముద్దను. నేను పంచినది నా భార్య ముద్దను, అదీ ఆమెను అడుగకుండా.

కొర్బాను సంగతి మనకు తెలుసు (మార్కు 7). తలిదండ్రులకు చెల్లవలసినదాన్ని దేవునికి అర్పితమని చెప్పి తప్పించుకొనేవారిని ప్రభువు గద్దించాడు. దేవుని పేరు చెప్పి కూడా ఇంటివారి హక్కును తీసివేయరాదు అంటే, కుక్క పేరు చెప్పి తీసివేయవచ్చునా? ముసలి తల్లి మందు, బిడ్డ బడి ఫీజు, ఇంటి బాడుగ, ప్రభువు భాగము, ఇవి మనం ఇష్టం వచ్చినట్లు తీసి మరొకచోట పెట్టగలిగిన డబ్బు కాదు. అవి ముందే ఒకరికి చెందినవి. మన స్త్రీలు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడే సంఘానికని పిడికెడు బియ్యం తీసి పెడతారు గదా. మిగిలితే ఇద్దాము అని వారు అనుకోరు. ఇంటి లెక్కకు కూడా అదే సూత్రము. ఎవరి వాటా వారికి తీసి పెట్టిన తరువాత, నాది అని మిగిలినదానిలో నుండే నేను దయ చూపాలి.

ముందు లెక్క, తరువాత మాట

గోపురం కట్టేవాడు ముందుగా కూర్చొని ఖర్చు లెక్క చూచుకుంటాడని ప్రభువు చెప్పాడు. మేము ఆ పని ఆలస్యంగా చేశాము. నోటు పుస్తకం తీసి మా ఇంటావిడ, కోడలు, మనుమడు, నేను కూర్చున్నాము. తిండికి రోజుకు 20 రూపాయలు. జబ్బుకు, టీకాలకు ఒక డబ్బాలో రోజుకు 10 రూపాయలు. మొత్తం 30. ఏడాదికి 10,950 అవుతుంది. కుక్క పన్నెండేళ్ళు బ్రతికితే 1,31,400 రూపాయలు. మనుమడు ఆ అంకె చూచి నోరు తెరిచాడు. నేనూ తెరిచాను. వానలో తడిసిన పిల్లను ఎత్తుకున్నప్పుడు మనం ఒప్పుకొనేది ఒక రాత్రికి కాదు, పన్నెండేళ్ళకు.

ఆ ముప్పై ఎక్కడ నుండి వస్తుంది? సాయంత్రం హోటలులో నేను త్రాగే టీకి, తినే వడకు దాదాపు అంతే అవుతున్నది. అది నా ముద్ద. దాన్ని మానుకున్నాను. ఇందులో గొప్ప ఏమీ లేదు. మొదటి నెల ప్రతి సాయంత్రం ఆ హోటలు వైపే కాళ్ళు లాగేవి.

తక్కువ ఖర్చుతో ఎట్లా పెంచవచ్చునో మేము నేర్చుకున్నది కూడా చెప్పుచున్నాను. డబ్బా తిండి అవసరం లేదు. రాగి సంగటి లేక అన్నం, దానితో ఉడికించిన గుడ్డు, అప్పుడప్పుడు చికెను అంగడిలో చౌకగా దొరికే ముక్కలు చాలును. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్టు, ద్రాక్ష పెట్టరాదు. ఉడికిన ఎముకలు పేలికలుగా చీలి పేగులకు గ్రుచ్చుకుంటాయి. రేబిస్ టీకా మూడు నెలల వయస్సులో వేయించి, పశువైద్యుడు చెప్పిన ప్రకారం మరల వేయిస్తూ ఉండాలి. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినము. ఆ రోజుల్లో చాలా సర్కారు పశువుల ఆసుపత్రులలో ఆ టీకా ఉచితంగా వేస్తారు. ఈ ఒక్క విషయంలో పొదుపు చేయకండి. రేబిస్ లక్షణాలు కనబడిన తరువాత మనిషిని బ్రతికించడం దాదాపు అసాధ్యము. ఏ కుక్క కరిచినా గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్ళి సూదులు వేయించుకోవాలి. ఇక రక్తపోటు మాత్రలు జన ఔషధి అంగడిలో చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. ఆ సంగతి కనుక్కోవడానికి నాకు కుక్క జబ్బు చేయవలసి వచ్చింది.

మాట ఇచ్చిన తరువాత

లెక్క చూచుకున్న తరువాత "మాకు చేతకాదు" అని తోచితే, తేకుండా ఉండడమే నీతి. తా దూర కంత లేదు, మెడకొక డోలు అన్నట్లు చేయరాదు. బాడుగ ఇళ్ళలో ఉండే మనవారు ఇంటి యజమాని ఒప్పుకుంటాడో లేదో కూడా ముందే అడగాలి. అయితే ఒకసారి లోపలికి రానిచ్చిన తరువాత సంగతి వేరు. గనులు మూతపడినప్పుడు ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళిన కొన్ని కుటుంబాలవారి కుక్కలు, తాళం వేసిన తలుపుల ముందర రోజుల తరబడి కూర్చొని ఉండడం నేను కళ్ళారా చూశాను. పిలిచి అన్నం పెట్టినా గడప వదలలేదు. ఆకలికి, దాహానికి గురయ్యేలాగున జంతువును విడిచిపెట్టడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరము. చట్టం లేకపోయినా, నష్టం వచ్చినప్పుడు కూడా అన్న మాట మీద నిలిచేవాణ్ణి గూర్చి 15వ కీర్తనలో చదువుకొనే మనకు అది తగదు. తప్పనిసరి అయితే, పెంచగలిగినవారిని వెదకి వారి చేతికి అప్పగించాలి.

దీనికి ఒక హద్దు కూడా ఉన్నది. రేపు టామీకి మా శక్తికి మించిన జబ్బు చేస్తే? వడ్డీకి తెచ్చి వైద్యం చేయించను. అప్పు చేసి పప్పుకూడు ఎట్లాగో, అప్పు చేసి చూపే దయ కూడా అట్లాగే; చివరకు దాన్ని తీర్చేది బిడ్డలే. డబ్బాలో ఉన్నంతవరకు చేయిస్తాము. నొప్పి తగ్గించే మందు ఇప్పిస్తాము. బాగుపడే ఆశ లేక బాధ మాత్రమే మిగిలితే, నొప్పి లేకుండా ప్రాణం విడిచేలాగున చేయమని పశువైద్యుణ్ణి అడగడం పాపమని నేను అనుకోను. ఇందులో నాతో ఏకీభవించని సహోదరులు ఉండవచ్చును, వారిని గౌరవిస్తాను. ఇది ముందుగానే ఇంట్లో మాట్లాడుకున్నాము. మనుమడు ఆ రోజు అన్నం సరిగా తినలేదు. అయినా తెలిసి ఉండడం మంచిది.

మత్తయి సువార్తలో ఒక కాసుకు రెండు పిచ్చుకలు. లూకా సువార్తలో రెండు కాసులకు అయిదు. లెక్క ప్రకారం నాలుగే రావాలి. అయిదవది కొసరుగా వేసినది, దానికి వెల లేదు. ఆ వెలలేని పిచ్చుకను కూడా దేవుడు మరువలేదని ప్రభువు చెప్పాడు. ఆ మాట చెప్పిన నోటితోనే, మీరు అనేక పిచ్చుకల కన్నను విలువగలవారని శిష్యులకు చెప్పాడు. ఈ రెండు మాటలలో ఒకదాన్ని పట్టుకొని రెండవదాన్ని విడిచిపెట్టరాదని నేను నేర్చుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో రాత్రి ప్రార్థన అయిన తరువాత, ముందుగా మా ఇంటావిడకు నేనే నీళ్ళు, మాత్ర అందిస్తాను. నిండు మాత్ర. ఆ తరువాతనే మనుమడు టామీ గిన్నెలో సంగటి వేస్తాడు. అది తోక ఆడిస్తూ కాచుకొని ఉంటుంది. దానికి ఆ వరుస అలవాటైపోయింది.

మన ఇండ్లలో ఎవరి ముద్ద వారికి దక్కునట్లును, మన ముద్దలో నుండి నోరులేనివాటికి పంచగల మనస్సు మనకు కలుగునట్లును ప్రభువు సహాయము చేయును గాక. ఆమేన్.