రాయికి క్షమాపణ

మన భాషలో ‘భయభక్తులు’ అని రెండు మాటలను జంటగానే పలుకుదుము. ఆ రెంటిని విడదీసి చూడవలసిన సందర్భమొకటి పసిఫిక్ మహాసముద్రమునందలి హవాయి ద్వీపములలో కనిపించుచున్నది.

అచ్చటి పెద్ద ద్వీపమున కిలవేయా అను అగ్నిపర్వతము కలదు. దాని శిఖరమునందలి హలేమౌమౌ బిలము పెలే దేవి నివాసమని హవాయీయుల విశ్వాసము. ఉబికి పారెడి లావా ఆమె స్వరూపమే. ఆ నేలనుండి యాత్రికులు కొందరు ఒక నల్లరాయిని జ్ఞాపికగా జేబులో వేసుకొని పోవుదురు. కొంతకాలమునకు ఇంట వ్యాధియో, ధననష్టమో కలుగును. వెంటనే ఆ రాయిని పొట్లము కట్టి, క్షమాపణ లేఖ జతపరచి, అచ్చటి జాతీయ ఉద్యానవన కార్యాలయమునకు టపాలో పంపుదురు. ఇట్టి పొట్లములు ఎన్నియో వచ్చినవి. ఎచ్చట తీసినదో తెలియని రాయిని తిరిగి దాని చోట ఉంచుట ఎవరి తరము?

వింత యేమనగా, రాయి తీసినవారిని పెలే శపించునను మాట ప్రాచీనమైనది కాదనియు, 20వ శతాబ్దమున పుట్టినదనియు ఆ సంప్రదాయము నెరిగినవారు చెప్పుదురు. సంప్రదాయము నేర్పినది వేరు. అడవిలో ఆకు కోయుటకైనను ముందు అనుమతి వేడవలెను. పుణ్యస్థలమున అడుగిడుటకు ముందు ‘ఓలి’ అను స్తోత్రమును గానము చేయవలెను. ‘హెయావు’ అనబడు ప్రాచీన దేవస్థానముల రాతిగోడల నెక్కరాదు, ఒక్క రాయినైనను కదల్పరాదు. యాత్రికులు రాళ్ళకు ఆకులు చుట్టి అచ్చట నుంచి, అదియే పూజ యనుకొందురు. స్థానికులు దానిని కోరరు.

ఇంట అనర్థము జరుగకున్నచో ఆ రాయి అలమరలోనే యుండెడిది గదా! పొట్లములో వచ్చినది భయము మాత్రమే.

భయమే ఆ మతమునకు ఆధారమైనచో అది ఎన్నడో అంతరించి యుండవలెను. ‘కపు’ అను నిషేధములను మీరినవారికి పూర్వము మరణదండన సైతము ఉండెడిది. 1819లో లిహోలిహో రాజు స్త్రీలతో కలిసి భుజించి ఆ కట్టుబాటును తానే త్రెంచెను. 1824లో క్రైస్తవము స్వీకరించిన కపియోలాని అను నాయకురాలు కిలవేయా బిలములోనికి దిగి, పెలేకు అర్పింపకయే ఓహెలో పండ్లు తినెను. ఆమెకేమియు కాలేదు. అయినను నేటికిని హవాయీయులు స్తోత్రముతో, హులా నృత్యముతో ఆ అంచునకు వచ్చుచునే యున్నారు. పెలేను తమ పూర్వీకురాలిగా తలచు కుటుంబములు కలవు. శిక్షించునని కాదు, తనవారని వచ్చుట యది.

అదే ద్వీపమున 4,200 మీటర్లకు పైబడిన మౌన కేయా శిఖరము కలదు. దానిపై 30 మీటర్ల దూరదర్శిని నిర్మింపబూనగా, 2019 జూలైలో హవాయీయ వృద్ధులు త్రోవకు అడ్డముగా కూర్చుండి అరెస్టయిరి. ఆ పర్వతము తమకు పూర్వజుడని వారి మాట. నక్షత్రముల నెరుగగోరుట పాపము కాదు. కాని ఆ నిర్మాణమునకు 2014లో భాగస్వాములైన దేశములలో మన దేశమును ఒకటి. రాయిని జేబులో వేసుకొన్న యాత్రికుని గూర్చి ఇంత వ్రాసిన పిమ్మట ఈ సంగతిని దాచుట న్యాయము కాదు.