దున్నినవానిదేనా భూమి?

బసవాది శరణులు లోకమునకు అనుగ్రహించిన బోధలలో కాయకసిద్ధాంతము శిరోభూషణము వంటిది. చెమటోడ్చి సంపాదింపని కూడు భక్తునకు తగదనియు, ఏ వృత్తియు నీచము కాదనియు, సత్యశుద్ధమైన శ్రమయే శివపూజ యనియు పన్నెండవ శతాబ్దమున కల్యాణ పట్టణమున వారు చాటిరి. ఈ బోధను హృదయమున నిలుపుకొన్న వీరశైవ కృషీవలుడు తన నాగటిచాలునందే శివుని దర్శించుట సహజము. కాని ఈ బోధ నుండియే ఒక క్లిష్టమైన ధర్మసందేహము పుట్టుచున్నది. శ్రమయే పూజ యైనచో, శ్రమించినవానికే భూమి చెందవలెనా? దున్నని వానికి, విత్తని వానికి, కంచె నాటని వానికి నేలపై హక్కు లేదా?

"దున్నేవానికే భూమి" యను నినాదము తెలుగుదేశమునకు క్రొత్త కాదు. కూర్చుండి కౌలు తినెడు జమీందారునకు ఎదురుగా కష్టజీవి పలికినపుడు అది ధర్మవాక్యమే. అయితే ఇదే వాక్యమును బలవంతుడు బలహీనునిపై ప్రయోగించినపుడు అది ధర్మముగా నిలుచునా? ఒక మాట యొక్క న్యాయాన్యాయములు ఆ మాటలో మాత్రమే ఉండవు. దానిని ఎవరు, ఎవరితో పలికిరి అనుదానిపై కూడ ఆధారపడియుండును. ఇందుకు అమెరికా ఖండపు చరిత్రయే నిదర్శనము.

ఆంగ్ల తత్త్వవేత్త జాన్ లాక్ 1689లో ప్రకటించిన గ్రంథమున ఆస్తిహక్కునకు మూలము శ్రమయే యని వాదించెను. మనుష్యుడు తన శ్రమను నేలతో కలిపినపుడు ఆ నేల అతనిది యగుననియు, సాగు చేయని నేల వ్యర్థముగా పడియున్న నేల యనియు ఆయన అభిప్రాయము. ఇందుకు ఆయన అమెరికా అడవులనే ఉదాహరణముగా చూపెను. ఇతరులకు చాలినంత, అంతటి మేలైనదే మిగులవలెనను నియమమును కూడ ఆయన చెప్పియుండెను. వలస వచ్చినవారు మొదటి మాటను కంఠస్థము చేసిరి, రెండవ దానిని మరచిరి.

1862లో అమెరికా ప్రభుత్వము చేసిన హోమ్‌స్టెడ్ చట్టము ప్రకారము, ఐదేండ్లు నివసించి సాగుచేసిన కుటుంబమునకు 160 ఎకరముల నేల దాదాపు ఉచితముగా లభించెను. ఈ విధముగా క్రమక్రమముగా సుమారు 27 కోట్ల ఎకరములు పంచబడినవి. పుచ్చుకొన్నవారిలో అనేకులు యూరపు నుండి పేదరికముతో వచ్చిన కష్టజీవులు. వారి చెమట నిజమైనదే. అయితే ఆ నేల ఎవరిది? అక్కడ వేల సంవత్సరములుగా వేటాడి, ఏరుకొని, కొన్నిచోట్ల పంటలు పండించి జీవించిన ఆదిమజాతులది. వారికి మిగిలిన నేలను సయితము 1887 నాటి డాస్ చట్టము కుటుంబముల వారీగా ముక్కలు చేసి, మిగులు నేలయని పేరు పెట్టి పరులకు తెరచెను. 1887లో ఆ జాతుల చేతిలో 13.8 కోట్ల ఎకరములుండగా, 1934 నాటికి 4.8 కోట్ల ఎకరములే మిగిలెను. ప్రతి అడుగునను వినిపించిన వాదము ఒక్కటే: వీరు నేలను వాడుకొనుట లేదు.

ఈ వాదమెంత అసత్యమో కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ చూపును. 1848లో బంగారము బయటపడగానే వేలాది జనులు అచటికి పరుగెత్తిరి. 1851లో మరిపోసా దళము ఆ లోయలో ప్రవేశించి, అహ్వానీచీ జనుల నివాసములను, వారు దాచుకొన్న ఆహారమును తగులబెట్టి, వారిని తరిమివేసెను. లోయ సౌందర్యమునకు ముగ్ధులైన పెద్దలు దానిని కాపాడగోరిరి. 1864లో అధ్యక్షుడు లింకన్ దానిని ప్రజావిహారార్థము ప్రత్యేకించు శాసనముపై సంతకము చేసెను. 1890లో ఆ ప్రాంతము జాతీయవనమాయెను. తిరిగివచ్చి లోయలో తలదాచుకొన్న ఆదిమ కుటుంబముల ఇండ్లు క్రమముగా తొలగింపబడినవి. 1969లో వారి చివరి ఇండ్లు కూడ నేలమట్టమైనవి. మొదట బంగారము కొరకు వెడలగొట్టబడినవారే, తరువాత ప్రకృతిరక్షణ పేరిట వెడలగొట్టబడిరి. లోభము చేసిన పనిని సౌందర్యాభిమానము పూర్తిచేసెను.

ఆ జనులు నిజముగా నేలపై శ్రమింపలేదా? నల్ల ఓక్ వృక్షముల గింజలు వారికి ప్రధానాహారము. స్త్రీలు వానిని ఏరి, ఎండబెట్టి, దంచి, మాటిమాటికి నీరు పోసి చేదు పోగొట్టి అంబలి కాచుకొనెడువారు. ఏటేట చిన్నచిన్న మంటలు పెట్టి పొదలను కాల్చి, పచ్చికబయళ్ళను విశాలముగా, ఓక్ తోపులను ఆరోగ్యముగా నిలుపుకొనెడువారు. పరదేశీయులు మానవహస్తము సోకని అడవియని మురిసిన ఆ దృశ్యము ఈ చేతుల పనియే. ఆ మంటలు ఆగిపోగా కాలక్రమమున దేవదారు జాతి చెట్లు దట్టముగా పెరిగి పచ్చికబయళ్ళను క్రమ్ముకొన్నవి. ఎండుకంప పేరుకొని కార్చిచ్చుల భయము హెచ్చినది. తుదకు 1970వ దశకము నుండి వనాధికారులే నియమితమైన మంటలు పెట్టసాగిరి. శ్రమ లేకపోలేదు. నాగలిని మాత్రమే శ్రమయని నేర్చిన కన్ను దానిని గుర్తింపలేదు.

ఇక శరణుల కాయకమును పరిశీలింపవలెను. కల్యాణమునందలి కాయకజీవులందరు హాలికులా? ఆయ్దక్కి మారయ్య కాయకము నేలరాలిన బియ్యపు గింజలను ఏరుకొనుట. నులియ చందయ్య చెరువు దరి గడ్డి కోసి త్రాళ్ళు పేనెను. మోళిగె మారయ్య రాజ్యమును త్యజించి వచ్చి, అడవిలో కట్టెలు కొట్టి మోపు మోసి దాసోహము నడపెనని ప్రసిద్ధి. వీరిలో ఎవ్వరును దున్నలేదు, విత్తలేదు, నేలకు హద్దురాళ్ళు నాటలేదు. ఏరుట, కోయుట, మోయుట అనునవే వారి కాయకములు. వీరిని మహాశరణులని కొనియాడు సమాజము, అడవిలో దుంపలు త్రవ్వుకొను వానిని, తేనె తీయు వానిని కాయకము లేనివాడని ఎట్లు పలుకగలదు?

ఆయ్దక్కి మారయ్య కథలో అంతకన్న సూక్ష్మమైన ధర్మమొకటి కలదు. ఒకనాడు బసవేశ్వరుడు పరీక్షార్థము వాకిట ఎక్కువ బియ్యము చల్లించెను. మారయ్య అంతయు ఏరుకొని ఇల్లు చేరెను. అతని ధర్మపత్ని లక్కమ్మ మూటను చూడగానే, నిత్యము తెచ్చు కొలత మించినదని గుర్తించి, ఈ అత్యాశ భక్తునకు తగదని మందలించి, ఎక్కువైన గింజలను ఎక్కడివి అక్కడ విడిచి రమ్మని పంపెను. ఆ అదనపు గింజలను కూడ మారయ్య వంగి, ఏరి, శ్రమించియే తెచ్చియుండెను. శ్రమ మాత్రమే హక్కునిచ్చునదైనచో ఆ గింజలు అతనివే. లక్కమ్మ తీర్పు వేరు. శ్రమ నాటి అవసరమునకు హక్కునిచ్చును, ఆశకు ఈయదు. కాయకమునకు హద్దు దాసోహము. ఇతరుని ఆకలిని మరచిన శ్రమ, ఎంత కఠోరమైనను, కాయకము కాజాలదు.

ఇచ్చట రెండు ఆక్షేపణలు రాగలవు. మొదటిది: వలస వచ్చిన పేదరైతు చేసిన తప్పేమి? అతడు చట్టమిచ్చిన నేలను దున్నెను. ఇది త్రోసివేయదగిన మాట కాదు. ఒక్కొక్క రైతును పాపియని నిందించుట ధర్మము కాదు. కాని తెలియక పొందిన దానిని గూర్చి, తెలిసిన పిమ్మట బాధ్యత మొదలగును. మారయ్య కూడ చెడు తలంపుతో తేలేదు. తప్పని తెలియగానే వెనుకకు నడచుటయే అతని గొప్పతనము. రెండవది: అడవిలో నివసించువారిని ఉండనిచ్చినచో అడవి మిగులునా? అడవిబిడ్డలును మనుష్యులే, వారికిని ఆశ కలుగవచ్చును, జనసంఖ్య పెరుగవచ్చును. నిజమే. అందుచేత కొలత అందరికి ఒక్కటే కావలెను. ఆ కొలతను నిర్ణయించు సభలో వారికిని పీఠముండవలెను. అనుభవమంటపమున చెప్పులు కుట్టువానికి, పడవ నడుపువానికి మాటాడు అధికారమున్నట్లే, అడవి విషయమున అడవివాసికి ముందుగా మాటాడు అధికారముండవలెను.

ఇది జరుగరానిది కాదు. అమెరికాలోనే న్యూ మెక్సికో రాష్ట్రమున టావోస్ పూయెబ్లో జనులకు నీలిసరస్సు పరమపవిత్ర క్షేత్రము. 1906లో ప్రభుత్వము దానిని అడవిశాఖ క్రిందికి చేర్చుకొనెను. పరిహారముగా ధనమిచ్చెదమన్నను ఆ జనులు అంగీకరింపలేదు. తమ దేవాలయమునకు వెల లేదనిరి. అరువదినాలుగేండ్ల పోరాటము పిమ్మట, 1970 డిసెంబరులో 48,000 ఎకరములతో సరస్సు వారికి తిరిగి దక్కినది. దక్కిన తరువాత వారు చెట్లను నరికి అమ్ముకొనలేదు. ఆ అడవి అడవిగానే ఉన్నది. న్యూజీలాండులో 2014లో టే ఉరెవెరా అరణ్యము జాతీయవనముగా ఉండుట మాని, తనకు తానే హక్కులు గల వ్యక్తిగా చట్టముచే గుర్తింపబడినది. తూహో జనులు దాని సంరక్షణలో భాగస్వాములైరి. నేల ఎవరి ఆస్తియు కాదు, దానిని సేవించువారే కలరు అను భావము శివభక్తునకు విదేశీయమైనది కాదు.

ఈ ప్రశ్న సముద్రముల కావల నిలిచిపోవునది కాదు. అక్క మహాదేవి, అల్లమప్రభువు వెదకికొనుచు చేరిన శ్రీశైలము నల్లమల నడుమనున్నది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున పర్వత ప్రకరణమునే రచించి ఆ క్షేత్రమును కీర్తించెను. ఆ అడవి చెంచుల ఇల్లు. మల్లికార్జునుని వారు చెంచు మల్లయ్యయని, తమ యింటి అల్లుడని ఆత్మీయముగా పిలుచుకొందురు. ఇప్పుడా అడవి పులుల సంరక్షణ ప్రాంతము కూడ. 2006 నాటి అటవీహక్కుల చట్టము వారి నివాసమును, ఏరుకొను హక్కును గుర్తించినది. మైదానముల వర్తకులు, రైతులు అప్పులిచ్చి గిరిజనుల నేలలను చేజిక్కించుకొనుటను ఆపుటకే ఆంధ్రదేశపు ఏజెన్సీ ప్రాంతములలో 1959లో భూబదలాయింపు నిబంధన వచ్చినది. 1970లో అది మరింత కట్టుదిట్టమైనది. చట్టము వ్రాసినంతమాత్రమున ధర్మము నెలకొనదు. మనుష్యుని ఆశ చట్టములో సందు వెదకును. ఆ సందును మూయగలది లక్కమ్మ వంటి అంతరాత్మ యొక్కటే.

శివరాత్రికి, ఉగాదికి వేలాది భక్తులు నల్లమల గుండ కాలినడకన మల్లన్న దర్శనమునకు పోవుదురు. ఆ అడవిలో యాత్రికుడు యజమాని కాదు, అతిథి. అతిథి త్రాగిన నీటిని మలినపరుపడు, ఇంటివానిని తన యింటనే పరాయివానిగా చూడడు. సత్రము కట్టదలచిన మఠము గాని, అడవి అంచున నేల కొనదలచిన గృహస్థుడు గాని, పత్రము శుద్ధముగా ఉన్నదా యని మాత్రమే గాక, ఈ నేలపై ముందుగా ఎవరి కాయకము జరిగినది, వారేమైరి అని విచారింపవలెను. ఆ విచారణ తరువాత మూటలో కొలత మించినది కనిపించినచో, దానిని ఎక్కడిదక్కడ విడిచివచ్చుటయే శరణమార్గము.