జోలె పట్టిన గాయకుడు

బెజవాడలో గుడి మైకులోనైనా, అంతిమయాత్ర బండిలోనైనా భగవద్గీత అంటే ఘంటసాల గొంతే.

గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టారాయన. చిన్నతనంలోనే తండ్రి పోయారు. సంగీతం మీద మమకారంతో వేలి ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు చేరదీసి పాఠం చెప్పారు. మరి పూట గడిచేదెలా? భుజాన జోలె తగిలించుకుని గడపగడపకూ తిరిగి మాధుకరం ఎత్తారు. ఒక ఇంట పిడికెడు అన్నం, ఇంకో ఇంట కాస్త పప్పు, అన్నీ ఆ గుడ్డలోనే.

1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్ళారు. సినిమా పాటలు, పేరుప్రతిష్ఠలు ఆ తర్వాతి మాట. 1970లో పద్మశ్రీ అందుకున్నారు. 1974 ఫిబ్రవరి 11న, 51 ఏళ్ళకే కన్నుమూశారు.

ఆ జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్ళకు ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు. ఆకలితో ఉన్న విద్యార్థి అని మాత్రమే తెలుసు. అది చాలనుకున్నారు. మన వీధిలోనూ అలాంటి పిల్లలుంటారు. ఫీజుకో, పుస్తకానికో, పూట భోజనానికో ఓ చెయ్యి వేద్దాం. వాళ్ళు ఘంటసాలలే కానక్కర్లేదు, చదువు ఆగకపోతే అంతే పదివేలు.